ఒకే ఒంట్లో నాలుగు జబ్బులు

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



 వెనక నిలబడ్డ కుర్రాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, చోటుంది. పొద్దున ఉపాధి హామీ కూలి బకాయిల మీద మాట్లాడుకున్నాం, శ్మశాన స్థలం మీద మాట్లాడుకున్నాం. ఇప్పుడు నాకిచ్చిన విషయం జబ్బులు. ఇందాక టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "మాస్టారూ, భూమి సంగతి, కూలి సంగతి వదిలేసి ఈ ఎయిడ్స్, కరోనా గోల మనకెందుకు? దానికి డాక్టరుని పిలిస్తే పోయేదిగా?" అని. డాక్టర్లు చెప్పాల్సింది డాక్టర్లు చెప్తారు. నేను డాక్టర్ని కాను, సైన్సు పాఠం చెప్పుకునే బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి కాబట్టి వాడలో ఎవరికి ఏ ఆస్పత్రి కాయితం వచ్చినా చదివి చెప్పమని నా దగ్గరికే తెస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ కాయితాలు చదువుతున్నాను. చదివి చదివి నాకు అర్థమైన సంగతి ఒకటుంది, అదే మీ ముందు పెడతాను.

కరోనా అయినా, హెచ్.ఐ.వి. అయినా చాలాసార్లు ఆ క్రిమి ఒక్కటే మనిషిని చంపదు. అది వచ్చేసరికే ఆ ఒంట్లో ఏయే జబ్బులు కాపురం పెట్టి ఉన్నాయో వాటితో చెయ్యి కలిపి చంపుతుంది. ఎవరి ఒంట్లో ఏ జబ్బులు ముందే చేరతాయి, వాటిని ఎవరు చూస్తారు, ఎవరు చూడరు అనే దగ్గర మాత్రం డాక్టరు పని సగంలో ఆగిపోతుంది. అక్కణ్ణించి అది మన పని.

ముందు ఒక మాట తెలుసుకోవాలి. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారు. తెలుగు వైద్య పుస్తకాల్లో 'శోథ' అని రాశారు. ఆ మాట రాసినవాళ్ళకి తప్ప ఎవరికీ నోరు తిరగదు. నేను మంట అనే అంటాను. నాట్లేసేటప్పుడో, కట్టెలకు పోయినప్పుడో కాల్లో తుమ్మముల్లు దిగుతుంది. రెండో రోజుకి అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, వెచ్చగా ఉంటుంది, సలుపుతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఇదంతా ముల్లు చేసింది అనుకుంటాం. ముల్లు చేసింది కాదు. ముల్లుతో పాటు లోపలికి వెళ్ళిన క్రిములను చంపడానికి మన నెత్తురు అక్కడికి పరుగెత్తుకెళ్ళి చేసే యుద్ధం అది. ముల్లు తీసేసి, కాస్త ఆగితే యుద్ధం ముగుస్తుంది, వాపు దిగుతుంది. అంచేత మంట చెడ్డది కాదు, అది మన కాపలా. చిక్కు ఎప్పుడొస్తుందంటే, మంట హద్దు దాటి రేగినప్పుడు. లేదా ఎన్నేళ్ళయినా ఆరనప్పుడు. మొదటిది కరోనాలో చూశాం. రెండోది హెచ్.ఐ.వి.లో ఉంది. గుడిసెలు కాలిన వాళ్ళకి మంట ఎట్లా పాకుతుందో నేను చెప్పక్కర్లేదు. గడ్డివాము అంటుకున్నట్టు ఒకటి, ఊక కింద నిప్పు రాజుకున్నట్టు ఇంకొకటి.

గడ్డివాము సంగతి ముందు చూద్దాం. కరోనా వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి మొదటి వారం జ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గు. ఆ వారం క్రిమి ఒంట్లో పెరిగే వారం. చాలామందికి అక్కడితో తగ్గిపోయింది. కొందరికి మాత్రం వారం, పది రోజుల దగ్గర ఆయాసం మొదలైంది. అప్పటికి క్రిమి తగ్గుముఖం పట్టి ఉంటుంది, దాన్ని చంపడానికి లేచిన మంటే ఊపిరితిత్తుల్ని కాల్చడం మొదలెడుతుంది. నెత్తురు సన్న సన్న గడ్డలు కడుతుంది. 2021 వేసవిలో మనందరికీ సి.ఆర్.పి., డి-డైమర్ అనే మాటలు నోటికొచ్చాయి, గుర్తుందా? సంతకం పెట్టడం రాని మా పెద్దమ్మ కూడా "డీడైమరు ఎంతొచ్చిందిరా" అని అడిగింది. వేలకు వేలు పోసి చేయించుకున్న ఆ పరీక్షలు కొలిచింది ఈ మంటనే, దానివల్ల కట్టే గడ్డలనే. ఆ పేర్లు గుర్తుపెట్టుకోండి, హెచ్.ఐ.వి. దగ్గర మళ్ళీ వస్తాయి.

ఆ మంట ఆర్పే మందు ఏదో కొత్తది, ఖరీదైనది అనుకుంటారు. కాదు. మన ఆర్.ఎం.పి. సంచిలో ఎప్పణ్ణించో ఉన్న డెక్సానే. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. 2020 జూన్‌లో ఇంగ్లండులో రికవరీ అనే పెద్ద పరీక్షలో తేలింది: వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో ఆ మందు చావుల్ని మూడోవంతు తగ్గించింది, ఆక్సిజను మీద ఉన్నవాళ్ళలో అయిదోవంతు తగ్గించింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా. అదే పరీక్షలో ఇంకో సంగతి కూడా తేలింది. ఆక్సిజను అవసరం లేనివాళ్ళకి ఆ మందు ఏ మేలూ చెయ్యలేదు. ఎందుకో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. మొదటి వారంలో క్రిమితో పోరాడే కాపలావాడి చేతులు కట్టేస్తే ఏమవుతుంది?

మన దగ్గర జరిగింది అదే. ఈ రెండో మాట మన వాడలకు రాలేదు, మొదటి మాటే వచ్చింది. జ్వరం వచ్చిన రోజే ఇంజక్షను. ఇంజక్షను పడగానే జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఇచ్చినవాడు దేవుడు. ఆర్.ఎం.పి.లను తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు, అర్ధరాత్రి తలుపు తడితే లేచేది ఆయనొక్కడే. పి.హెచ్.సి. తాళం మాత్రం సాయంత్రానికే పడుతుంది. కానీ స్టెరాయిడ్ వేస్తే షుగరు పైకి లేస్తుంది. షుగరు ఉందని తెలియనివాళ్ళకి కూడా లేస్తుంది. 2021లో ముక్కు, కన్ను తిన్న బ్లాక్ ఫంగస్ వచ్చింది అందులోంచే. ఆ జూన్ నెలాఖరుకి దేశం మొత్తం మీద 40,845 కేసులని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అందులో 64 శాతం మందికి షుగరు ఉంది. సగానికి పైగా మంది స్టెరాయిడ్లు వాడినవాళ్ళు. ఆ బూజు మన చుట్టూ మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. షుగరు, స్టెరాయిడ్, కరోనా మూడూ ఒకచోట చేరి దానికి తలుపు తీశాయి.

మన రాష్ట్రం లెక్క ఇంకొకటి ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెండు రాష్ట్రాల కరోనా వివరాలు తీసి శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం చేశారు. చనిపోయినవాళ్ళలో 63 శాతం మందికి ముందే ఏదో ఒక జబ్బు ఉంది. 36 శాతం మందికి రెండో అంతకు మించో ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ షుగరు. ఇక్కడ ఒక ఆలోచన చెయ్యండి. ఇవి పరీక్ష చేయించుకుని కాయితంలో ఎక్కిన జబ్బులు. మన పల్లెల్లో నలభై దాటినవాళ్ళలో బి.పి. ఎంతో, షుగరు ఎంతో తెలిసినవాళ్ళు ఎంతమంది? పక్షవాతం వచ్చి పడిపోయినరోజు బి.పి. ఉందని తెలుస్తుంది. కాలి పుండు మానక వేలు తీసేసినరోజు షుగరు ఉందని తెలుస్తుంది.

"షుగరు తిని కూర్చునేవాళ్ళ జబ్బు గదా, కూలోళ్ళకెందుకు వస్తుంది" అని ఇంకా అనేవాళ్ళున్నారు. ఆ మాట నమ్మకండి. తల్లి కడుపులో ఉన్నప్పుడే తిండి చాలక బరువు తక్కువ పుట్టిన పిల్లలకి పెద్దయ్యాక షుగరు వచ్చే అవకాశం ఎక్కువని శాస్త్రం చెప్తోంది. ఆపైన రేషను బియ్యం, పచ్చడి మెతుకులు, ఉప్పుచేప. పప్పు వారానికెన్నిసార్లు, గుడ్డు ఎన్నిసార్లు? బాబాసాహెబ్ అంబేద్కర్ గారికి షుగరు ఉంది. కాళ్ళ నరాల నొప్పులతో రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. ఇన్సులిన్ తీసుకుంటూ, ఆ కాళ్ళ నొప్పులతోనే రాజ్యాంగం పని పూర్తిచేశారు. ఆయన బొమ్మ గోడకి పెట్టుకున్న మనం షుగరు పరీక్షకి సిగ్గుపడితే ఎట్లా?

ఇప్పుడు ఊక కింద నిప్పు. హెచ్.ఐ.వి. అనగానే కొందరు తలలు దించుకున్నారు, నేను చూస్తూనే ఉన్నాను. దించుకోవద్దు. 2021 అంచనాల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ క్రిమితో బతుకుతున్నవాళ్ళు 3 లక్షల 20 వేల పైచిలుకు. మహారాష్ట్ర తర్వాత మనమే. ఇరవై ఏళ్ళ కిందట గోడల మీద పులిరాజా బొమ్మలేసి అతనికి ఎయిడ్స్ వస్తుందా అని ఊరంతా అడిగారు. వచ్చినవాడు ఎట్లా బతకాలో ఏ గోడ మీదా రాయలేదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలుపెట్టింది, మొదటి ఆరు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ మందులతో మనవాళ్ళు బతికారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇక ఏడాది బతకడు అనుకున్న మనిషి మొన్న మనవరాలి ఓణీల ఫంక్షనుకి నన్ను పిలిచాడు. రోజూ మందేసుకుని నెత్తురులో క్రిమి కనబడనంత తగ్గించుకున్న మనిషి నుంచి భార్యకిగానీ భర్తకిగానీ అది అంటదు. ఇది తేలిన సంగతి. వాడలో అందరికీ చెప్పాల్సిన సంగతి.

అయితే ఆ మనిషి ఒంట్లో మంట పూర్తిగా ఆరలేదు. ఎందుకంటారా? హెచ్.ఐ.వి. దాడి చేసేది సి.డి.4 అనే కాపలా కణాల మీద. ఆ కణాలు మన పేగు గోడలో గుంపులు గుంపులుగా ఉంటాయి. క్రిమి వచ్చిన మొదటి వారాల్లోనే అక్కడ పడి వాటిని ఊడ్చేస్తుంది. పేగు గోడకి చిల్లులు పడ్డట్టు అవుతుంది. పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు నెత్తురులోకి కారుతుంటాయి. వాటిని చూసి ఒళ్ళు నిత్యం యుద్ధంలోనే ఉంటుంది. మందులేసుకుంటే ఆ మంట బాగా తగ్గుతుంది, కానీ సున్నా కాదు. అది ఏళ్ళ తరబడి నెత్తురు గొట్టాల లోపలి పొరను గీకుతుంది. అందుకే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి గుండెపోటు, కిడ్నీ జబ్బు, ఎముకల బలహీనత మిగతావాళ్ళకంటే ముందే, ఎక్కువగా వస్తాయి.

ఈ సంగతి ఎట్లా బయటపడిందో వినండి. స్మార్ట్ అనే పేరుతో 33 దేశాల్లో 5,472 మంది మీద ఒక పరీక్ష జరిగింది. రోజూ మందులు మింగే బాధ తప్పించుదామని, సి.డి.4 బాగున్న కొందరికి మందులు ఆపారు. సి.డి.4 తగ్గితే మళ్ళీ మొదలెడదాం అనుకున్నారు. మిగతావాళ్ళు మానకుండా వాడారు. 2006 జనవరిలో ఆ పరీక్షను మధ్యలోనే నిలిపెయ్యాల్సి వచ్చింది. మందులు ఆపినవాళ్ళలో చావులు ఎక్కువ, దాదాపు రెండింతలకు దగ్గర. ఎయిడ్స్ తోనే పోయారనుకునేరు. గుండె, కిడ్నీ, లివరు జబ్బులు కూడా వాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి. నెత్తురు పరీక్ష చేసి చూస్తే, చనిపోయినవాళ్ళలో పెరిగి ఉన్నది ఏమిటి? డి-డైమర్! 2021లో మనం భయపడ్డ అదే డి-డైమర్. మందు ఆపగానే మంట లేచింది, మంట గుండె మీద పడింది. తర్వాత 2015లో స్టార్ట్ అనే ఇంకో పరీక్ష వచ్చింది. సి.డి.4 బాగున్నా సరే తెలిసినరోజే మందు మొదలెట్టినవాళ్ళలో పెద్ద జబ్బులు, చావులు 57 శాతం తక్కువ అని చూపించింది. మన దేశంలో 2017 నుంచి సి.డి.4 ఎంతున్నా మందు ఇస్తున్నారు.

అందుకే "ఒళ్ళు బాగానే ఉంది, నాలుగు నెల్లు ఆపుదాం" అనేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. మిరపకోతలకు వలస పోయేవాళ్ళు, ఇటుకబట్టీలకు పోయేవాళ్ళు, డబ్బా కనబడితే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడని ఇంట్లో పెట్టి పోయేవాళ్ళు. వాళ్ళు మానేది మాత్ర ఒక్కటే కాదు.

ఇంకో కబురు కూడా ఉంది, మంచిదే. 2023లో రిప్రీవ్ అనే పరీక్ష ఫలితాలొచ్చాయి. 12 దేశాలు, అందులో మన దేశమూ ఉంది. 7,769 మంది. నలభై నుంచి డెబ్బై అయిదేళ్ళ లోపు హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి పిటవాస్టాటిన్ అనే కొవ్వు తగ్గించే మాత్ర రోజూ ఇస్తే గుండెపోట్లు, పక్షవాతాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. మెడికల్ షాపుకి పరుగెత్తమని నేను చెప్పడం లేదు. ఏ.ఆర్.టి. సెంటరుకి వెళ్ళినప్పుడు "నాకు నలభై అయిదు దాటాయి, నా బి.పి. చూడండి, షుగరు చూడండి, గుండె సంగతి ఏమిటి" అని అడగమంటున్నాను. మనవాళ్ళు అక్కడికి పోయి కాయితం చాపి, మందు తీసుకుని, ఎవరైనా చూస్తారని మొహానికి తువ్వాలు కప్పుకుని బస్సెక్కేస్తారు. అడగడం మన హక్కు, అది భిక్ష కాదు.

రెండు క్రిములూ ఒకే ఒంట్లో పడితే? దీనికి జవాబు దక్షిణాఫ్రికా నల్లజాతి ప్రజలు ప్రాణాలిచ్చి చెప్పారు. 2020లో అక్కడి వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో ప్రభుత్వాస్పత్రులకు వచ్చే దాదాపు 35 లక్షల మంది రికార్డులు చూశారు. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళకి కరోనాతో చనిపోయే ముప్పు రెండింతలు. అప్పటికే టి.బి. ఉన్నవాళ్ళకి రెండున్నర రెట్లకు పైగా. షుగరు అదుపు తప్పినవాళ్ళకి అంతకన్నా చాలా ఎక్కువ. మందులు సరిగ్గా పనిచెయ్యని ఒక స్త్రీ ఒంట్లో కరోనా క్రిమి ఏడు నెలల పాటు పోలేదు. మందు మార్చి హెచ్.ఐ.వి.ని అదుపులోకి తెచ్చాకే అది వదిలింది. ఆ ఏడు నెలలూ ఆ క్రిమి రూపం మార్చుకుంటూనే ఉంది. ఒక పేద ఆడమనిషికి సరైన మందు అందకపోతే దాని ముప్పు ఊరంతటికీ అన్నమాట. ఊరివాళ్ళు మనల్ని దూరం పెట్టినంత మాత్రాన క్రిమి వాడలోనే ఉండిపోదు. 2020లో 'సామాజిక దూరం' పాటించండి అని మైకుల్లో చెప్పినప్పుడు మా వాడ ముసలాయన ఒకడు నవ్వాడు. బావి దగ్గర, హోటల్లో రెండు గ్లాసుల దగ్గర మనం ఎన్ని తరాలు పాటించామో ఆయనకి తెలుసు.

టి.బి. మాట వచ్చింది కాబట్టి చెప్తాను, ఇది అసలైన సంగతి. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళని మన దేశంలో ఎక్కువగా చంపేది టి.బి.నే. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగింటిలో ఒక్కటున్నా టి.బి. పరీక్ష చెయ్యాలి. దగ్గు రెండు వారాలు దాటాలని ఆగకూడదు. పిల్లలకి అక్షరాలు దిద్దించిన పలక ఎక్కణ్ణించి వచ్చేది? మార్కాపురం నుంచి. ఆ పలకలు కోసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుంది. రాతిపొడి పేరుకున్న ఊపిరితిత్తుల్లో టి.బి. తేలిగ్గా దిగుతుంది. క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసే మనవాళ్ళ సంగతీ అంతే. ఇక ఆకలి. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పేరుతో ఒక అధ్యయనం చేసి 2023లో బయటపెట్టారు. టి.బి. వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో మిగతా మనుషులకి కూడా నెలనెలా అదనంగా తిండి సరుకులు ఇచ్చారు. ఇచ్చిన ఇళ్ళల్లో కొత్తగా టి.బి. రావడం 40 శాతం దాకా తగ్గింది. మందు కాదు, ఇంజక్షను కాదు, తిండి! టి.బి. రోగికి ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు 2018లో నెలకు 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు. అది ఎంతమంది ఖాతాలో పడిందో మన కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చూడాలి. తమ్ముడు టీ దగ్గర అడిగిన కూలి రేటు సంగతి ఇందులోనే ఉంది గదా?

ఒక చిక్కు గురించి కూడా హెచ్చరించాలి. సి.డి.4 బాగా పడిపోయాక ఏ.ఆర్.టి. మొదలుపెడితే కొందరికి మొదటి వారాల్లో జబ్బు ఎక్కువైనట్టు ఉంటుంది. లోపల దాగిన టి.బి. ఉంటే జ్వరం లేస్తుంది, మెడలో బిళ్ళలు వాస్తాయి. "ఈ మందు పడలేదు" అని మానేస్తారు. మందు పడక కాదు. నిద్రపోయిన కాపలావాడు లేచి ఒక్కసారిగా కొట్లాటకి దిగడం వల్ల వచ్చే మంట అది. దానికి వైద్యం ఉంది. మానకుండా ఆ సెంటరుకే తిరిగి పోవాలి.

ఇప్పుడు ఒక మనిషి కథ చెప్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. లారీ క్లీనరుగా మొదలై డ్రైవరైన కుర్రాడు. తొమ్మిదేళ్ళు ఏ.ఆర్.టి. వాడాడు, ఒక్కరోజు మానలేదు. 2021 మేలో కరోనా వచ్చి ఆయాసపడితే టవునులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. హెచ్.ఐ.వి. అని తెలిస్తే చేర్చుకోరని భయపడి చెప్పలేదు. ఆ భయం ఉత్తిదేం కాదు, అంతకుముందు వాళ్ళ మేనత్తని ఒక ఆస్పత్రిలో కాన్పుకి ముట్టుకోకుండా పంపేశారు. మందు డబ్బా నర్సు చూస్తుందని ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. మూడు వారాలు ఏ.ఆర్.టి. లేదు, పైన స్టెరాయిడ్లు. రెండు లక్షల చిల్లర బిల్లు కట్టి బతికి బయటికొచ్చాడు. ఊరంతా సంతోషపడ్డాం. ఆగస్టులో దగ్గు. మళ్ళీ స్టెరాయిడ్ ఇంజక్షన్లు. కళ్ళె పరీక్ష చేయించేసరికి టి.బి. రెండు ఊపిరితిత్తులకీ పాకింది. నవంబరులో పోయాడు. వాళ్ళమ్మ కరోనా అంది. ఊళ్ళోవాళ్ళు "ఆ రోగమే" అన్నారు. సర్టిఫికెట్లో గుండె ఆగి అని రాశారు. కరోనా మృతులకు ఇచ్చే 50 వేల కోసం కాయితాలు నేనే రాశాను. పరీక్షలో తేలిన ముప్పై రోజుల లోపు చావు కాదు కాబట్టి కుదరదన్నారు. ఆ మనిషి ఏ జబ్బుతో పోయాడో మీరు చెప్పండి. ఏ లెక్కలోకి వస్తాడు?

జబ్బు దాచడం గురించి మనవాళ్ళని తప్పుపట్టేవాళ్ళు, దాచేటట్టు చేసింది ఎవరో ముందు చెప్పాలి. ఇప్పుడు చట్టం ఉంది. 2017లో హెచ్.ఐ.వి. చట్టం చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్.ఐ.వి. ఉందని ఆస్పత్రిలో చేర్చుకోకపోవడం, బడిలోంచి, పనిలోంచి తీసెయ్యడం చట్టవిరుద్ధం. మన ఒప్పుదల లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఎవరికీ చెప్పకూడదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌ని పెట్టాలి. అట్రాసిటీ చట్టం పేరు మన కార్యకర్త ప్రతి ఒక్కడికీ నోటికొచ్చు. ఈ చట్టం పేరు ఎంతమంది విన్నారు? చెయ్యెత్తండి. చూశారా, ఇద్దరు.

డాక్టరుకి చెప్పడం ఎందుకు ముఖ్యమంటే, మందుకీ మందుకీ కూడా పడదు. ఇప్పుడు ఏ.ఆర్.టి.లో ఎక్కువగా ఇచ్చేది డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్‌ని అది ఒంట్లో పెంచుతుంది. అంచేత మెట్‌ఫార్మిన్ మోతాదు రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలి. టి.బి.కి వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకని టి.బి. మందు వాడినన్నాళ్ళూ దాన్ని రోజుకి రెండుసార్లు వెయ్యాలి. గర్భిణీలకిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు పరగడుపున దానితో కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు. ఇవన్నీ ఒక డాక్టరుకి తెలియాలంటే నాలుగు మందుల చీటీలూ ఒక్క బల్ల మీద ఉండాలి. మనవాళ్ళకి ఏ.ఆర్.టి. జిల్లా ఆస్పత్రిలో, టి.బి. మందు ఇంకో గదిలో, షుగరు బిళ్ళ పి.హెచ్.సి.లో, నొప్పుల ఇంజక్షను ఆర్.ఎం.పి. దగ్గర. మనిషి ఒక్కడే. ఒక్కరోజు కూలి పోగొట్టుకుని ఒక్కో గుమ్మం ఎక్కాలి.

కాబట్టి మనం అడిగేది ఏమిటి? ఏ.ఆర్.టి. సెంటరులోనే ప్రతిసారీ బి.పి., షుగరు చూడాలి, టి.బి. నాలుగు లక్షణాలూ అడగాలి. కరోనా లాక్‌డౌనులో మూడు నెలల మందు ఒకేసారి చేతికిచ్చారు గదా, వలస పోయేవాళ్ళకి ఇప్పుడూ అట్లాగే ఇవ్వాలి. క్వారీ కూలీలకి ఏడాదికోసారి ఎక్స్-రే తియ్యాలి, ఖర్చు యజమాని పెట్టాలి. పల్లెకి వచ్చే ఏ.ఎన్.ఎం. మనవాడ చివరి ఇంటిదాకా రావాలి, రచ్చబండ దగ్గర రిజిస్టరు రాసుకుని పోకూడదు. "కరోనా పోయింది గదా" అంటారేమో. అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది నిజమే. క్రిమి మాత్రం మనుషుల్లో తిరుగుతూనే ఉంది, రేపు ఇంకోటి రావచ్చు. ఏది వచ్చినా ముందే నాలుగు జబ్బులున్న ఒంటినే వెతుక్కుంటుంది.

మన చేతుల్లో ఉన్న పని కూడా ఉంది. చుట్టలు, బీడీలు మానండి, అన్నలూ, అది ఆ నిప్పు మీద పోసే కిరసనాయిలు. జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ అడగొద్దు, ఇస్తానంటే ఏ ఇంజక్షనో పేరడగండి. ప్రతి వాడకీ ఒక బి.పి. మిషను కొనాలని మొన్న కమిటీలో అనుకున్నాం. చందాలు పోగైతే వచ్చే నెలకి మొదటి రెండూ వస్తాయి. ఒకటి మాలపల్లెలో ఉంటుంది, ఒకటి మాదిగపల్లెలో. దాని దగ్గర కూడా ఎవరు ముందు, ఎవరు వెనక అని గొడవపడితే నేను ఊరుకోను. ఇంటర్ చదివిన ఆడపిల్లలకి వాడడం నేర్పిస్తాం. రాసే పుస్తకంలో హెచ్.ఐ.వి. సంగతి రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు. బి.పి., షుగరు, బరువు, దగ్గు, అంతే. నూట నలభై పైన తొంభై దాటితే మర్నాడు ఇంకోసారి చూసి పి.హెచ్.సి.కి తోడు వెళ్ళాలి. బస్సు చార్జీ కమిటీది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గంట చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ గోడ పక్కన కూర్చున్న అక్క చెయ్యెత్తింది, ఆమెకి మైకు ఇవ్వండి.